కోలినెస్టెరేజ్ తక్కువ వచ్చింది అంటే, ఏ కోలినెస్టెరేజ్?

ప్రశ్న అడిగినావిడ రాజోలు వైపు నుంచి, ఫార్మసీ చదువుతున్నారట. సంగతి క్లుప్తంగా ఇదీ. నాన్నగారు అక్టోబరులో సార్వా చేలో సుడిదోమకి మందు కొట్టారు. సాయంత్రానికి వాంతులు, ఒళ్ళంతా చెమట, చూపు మసక. ఆసుపత్రిలో నాలుగు రోజులుంచి పంపారు. రిపోర్టులో సీరం కోలినెస్టెరేజ్ 1,840. ఇరవై రోజులయ్యాక మళ్ళీ చేయిస్తే 4,100. "ఇది మెదడులో, నరాల చివర ఉండే ఎంజైమ్ అని పుస్తకంలో చదివాను. మరి రక్తంలో ఎందుకు కొలుస్తున్నారు? ఒంట్లో ఇంకా ఎక్కడెక్కడ ఉంటుంది, అక్కడ దాని పనేంటి? నాన్నని మళ్ళీ చేలోకి పంపొచ్చా? ఆయన పక్కనే చేలో ఉన్న అమ్మకి కూడా టెస్టు చేయించాలా?"

ముందు సూటిగా జవాబు. కోలినెస్టెరేజ్ అనే పేరుతో ఒంట్లో రెండు ఎంజైములు ఉన్నాయి. మీ పుస్తకంలో ఉన్నది ఒకటి, మీ నాన్నగారి రిపోర్టులో ఉన్నది ఇంకొకటి. మొదటిది ఎసిటైల్‌కోలినెస్టెరేజ్. నరాల చివర, కండరం మీద, మెదడులో, ఎర్ర రక్తకణాల పైపొర మీద ఉంటుంది. రెండోది బ్యుటిరైల్‌కోలినెస్టెరేజ్. లివరు తయారుచేసి రక్తంలోకి వదులుతుంది. సీరం కోలినెస్టెరేజ్, సూడోకోలినెస్టెరేజ్ అన్నా అదే. కొన్ని జాతుల పురుగుమందులు రెండింటినీ పడగొడతాయి. మనిషికి ప్రాణం మీదికి తెచ్చేది మొదటిది పడిపోవడం. ల్యాబులో తేలిగ్గా కొలవగలిగేది రెండోది. మెదడులోంచి, కండరంలోంచి ముక్క తీసి పరీక్ష చేయలేం కాబట్టి రక్తంలో ఉన్నదాన్ని సాక్షిగా పిలుస్తున్నాం, అంతే. నాన్నగారు ఇప్పుడే మందు కొట్టడానికి వెళ్ళకూడదు. అమ్మకి టెస్టు చేయించండి. కారణాలు కింద రాస్తాను, కాస్త పొడుగవుతుంది.

నేను మత్తు డాక్టర్ని. కోనసీమలో ముప్పై ఏళ్ళ పైనే అయింది. ఆపరేషన్ థియేటర్లో ఒక వైపు నుంచీ, పురుగుమందు కేసులకి వెంటిలేటర్ పెట్టేటప్పుడు ఇంకో వైపు నుంచీ ఈ ఎంజైమ్‌నే చూస్తూ వచ్చాను. రెండు వైపులా చూస్తే తప్ప ఆ రిపోర్టులో అంకె అర్థం కాదని నా నమ్మకం.

మొదట నరాల సంగతి. ఎసిటైల్‌కోలిన్ అనేది ఒక నరం ఇంకో నరానికో, కండరానికో, గ్రంథికో కబురు పంపే రసాయనం. 1921లో ఒట్టో లోవీ కప్ప గుండెల మీద ప్రయోగం చేసి నరం ఇలా రసాయనంతో కబురు పంపుతుందని మొదట చూపించాడు. 1936లో హెన్రీ డేల్‌తో కలిపి ఆయనకి నోబెల్ ఇచ్చారు. డోపమైన్, సెరటోనిన్ లాంటి రసాయనాలకి పని అయిపోగానే ఎక్కువ భాగం తిరిగి నరంలోకే లాక్కునే ఏర్పాటు ఉంది. ఎసిటైల్‌కోలిన్‌కి అలా కాదు. దాన్ని ఉన్నచోటనే కోసేయాలి. కోస్తే కోలిన్, ఎసిటేట్ అని రెండు ముక్కలవుతుంది. కోలిన్ ముక్కని నరం వెనక్కి తీసుకుని మళ్ళీ వాడుకుంటుంది. ఈ కోతపని చేసేదే ఎసిటైల్‌కోలినెస్టెరేజ్. ఒక్క ఎంజైమ్ అణువు సెకనుకి వేల సంఖ్యలో ఎసిటైల్‌కోలిన్ అణువుల్ని కోయగలదు. ఒంట్లో ఉన్న అత్యంత వేగమైన ఎంజైముల్లో ఇదొకటి.

మన పంట కాలువ లెక్కలో చెప్పాలంటే ఎసిటైల్‌కోలిన్ తూము ఎత్తుతుంది, ఈ ఎంజైమ్ లస్కరు లాగా వెంటనే దించేస్తుంది. లస్కరు రాకపోతే చేను మునుగుతుంది. ఒక్క చేను కాదు, ఆ కాలువ కింద ఉన్నవన్నీ.

ఎక్కడెక్కడ ఉంటుందో పుస్తకంలో పట్టిక ఉంటుంది. ఆ పట్టిక బట్టీ పట్టక్కర్లేదు. మందు ఎక్కిన మనిషిని తల నుంచి కాలి దాకా ఒకసారి చూస్తే మొత్తం పటం కనిపిస్తుంది. హౌస్ సర్జన్లకి నేను అలాగే చెప్పేవాణ్ణి.

కన్ను దగ్గర మొదలుపెట్టండి. నల్లగుడ్డు మధ్యలోని పాప గుండుసూది తలంత అయిపోయి ఉంటుంది. పాపని ముడిచే కండరం దగ్గర ఎంజైమ్ ఉంది, అది ఆగిపోయింది, ముడుచుకున్న కండరం వదలడం లేదు. మీ నాన్నగారికి చూపు మసకబారింది అందుకే. కన్నీటి గ్రంథి, లాలాజల గ్రంథి: కళ్ళవెంట నీళ్ళు, నోట్లోంచి సొంగ. చెమట గ్రంథులు: పంచె పిండితే నీళ్ళు కారేలా చెమట. ఊపిరితిత్తుల గొట్టాల గోడలు: గొట్టాలు ముడుచుకుంటాయి, లోపల నీరు ఊరుతుంది, స్టెతస్కోపు పెట్టక్కర్లేకుండానే గురగుర వినిపిస్తుంది. చాలామంది పోయేది ఇక్కడే, తమ నీటిలో తామే మునిగినట్టు. గుండెలో కొట్టుకునే వేగాన్ని నిర్ణయించే చోట: నాడి యాభైకి, నలభైకి పడిపోతుంది. పేగుల గోడల్లో ఉండే నరాల వల: కడుపులో మెలిక, వాంతులు, విరేచనాలు. మూత్రాశయం: బట్టల్లోనే అయిపోతుంది.

ఇంతవరకూ ఒక రకం. ఆ తర్వాత కండరం. నరం కండరాన్ని తాకే చోట ఆ సన్నటి సందులో ఈ ఎంజైమ్ కొల్లాజెన్ తోకతో లంగరు వేసుకుని కూర్చుని ఉంటుంది. కండరం కదలడానికి శక్తి ఎక్కడి నుంచి వస్తుందో తేల్చినవారిలో మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు ఒకరు. ఆ శక్తి ఎంత ఉన్నా, ఇక్కడ ఎంజైమ్ ఆగిపోతే కండరం మొదట చర్మం కింద పురుగులు పాకుతున్నట్టు అదురుతుంది, తర్వాత సత్తువ పోయి చచ్చుబడుతుంది. కనురెప్ప మీద, ఛాతీ మీద, పిక్కల్లో ఆ అదురు స్పష్టంగా కనిపిస్తుంది. చెయ్యి ఆనిస్తే తెలుస్తుంది.

ఆఖరికి మెదడు. మెదడు అడుగున ముందు భాగం నుంచి పైపొరకి వెళ్ళే నరాల వెంట, కదలికల్ని సర్దే లోపలి ముద్దల్లో ఈ ఎంజైమ్ దండిగా ఉంటుంది. ఆగిపోతే గాభరా, మాట తడబాటు, ఫిట్స్, స్పృహ తప్పడం. ఊపిరి నడిపే కేంద్రం కూడా మందగిస్తుంది.

అంటే ఒక్క ఎంజైమ్, ఇన్ని చోట్ల. విరుగుడుగా అట్రోపిన్ ఇస్తే సొంగ, ఊపిరితిత్తుల నీరు, నాడి సర్దుకుంటాయి గానీ కండరం నీరసం సర్దుకోదు. కండరం మీద ఎసిటైల్‌కోలిన్ కబురు అందుకునే గ్రాహకం వేరే రకం, అట్రోపిన్‌కి లొంగదు. బంధువులు "ఇంజక్షన్ మీద ఇంజక్షన్ పొడుస్తూనే ఉన్నారు, ఇంకా లేవలేదేంటండీ" అని అడుగుతారు. అడగడంలో తప్పులేదు. 0.6 మిల్లీగ్రాముల అట్రోపిన్ ఆంప్యూళ్ళు నర్సమ్మాయిలు ఇద్దరు కూర్చుని టక్ టక్ మని మెడలు విరుస్తుంటే, ఒక రాత్రిలో ట్రే నిండిపోయి గాజు మెడలు నేలమీద దొర్లిన కేసులు ఉన్నాయి. మేం చూసేది ఆంప్యూళ్ళ లెక్క కాదు. ఊపిరితిత్తుల్లో గురగుర పోయిందా, చంక ఆరిందా, నాడి ఎనభై దాటిందా. చంకలో చెయ్యి పెట్టి చూసే డాక్టర్ని చూసి నవ్వకండి, ఆయనకి పని తెలుసు.

ఎర్ర రక్తకణాల మీద కూడా ఇదే ఎంజైమ్ ఉంటుందన్నాను కదా. అక్కడ నరమూ లేదు, కండరమూ లేదు. అక్కడ దానికి గట్టి డ్యూటీ ఉన్నట్టు కనపడదు. బ్లడ్ బ్యాంకు వాళ్ళకి మాత్రం పరిచయమే. కార్ట్‌రైట్ అనే బ్లడ్ గ్రూపు గుర్తులు ఈ ఎంజైమ్ మీదే ఉంటాయి. మనకి దీని ఉపయోగం ఏంటంటే, నరాల చివర ఉన్నదానికి ఇది తోబుట్టువు. దీని అంకె పడిందంటే లోపల నరాల దగ్గర కూడా దాదాపు అంత పడిందని ఊహించవచ్చు. కానీ మన జిల్లాల్లో చాలా ల్యాబులు ఎర్రకణాల పరీక్ష చేయవు, సీరం పరీక్షే చేస్తాయి. అదే చవక, అదే తేలిక.

ఇప్పుడు రెండోదాని సంగతి. రక్తంలో ఉండే బ్యుటిరైల్‌కోలినెస్టెరేజ్ లేకపోయినా మనిషి హాయిగా బతుకుతాడు. దాని పనేంటని అడిగారు కదా, జవాబు ఇక్కడే ఉంది. ఎసిటైల్‌కోలినెస్టెరేజ్ కొన్ని నిమిషాలు మొత్తంగా ఆగితే ప్రాణం పోతుంది. బ్యుటిరైల్‌కోలినెస్టెరేజ్ పుట్టుకతోనే దాదాపు లేనివాళ్ళు పెళ్ళిళ్ళు చేసుకుని, మనవల్ని ఎత్తుకుని, ఎనభై ఏళ్ళు బతికి, తమకి అది లేదని తెలియకుండానే వెళ్ళిపోతారు. లివరులో తయారై రక్తంలో తిరుగుతుంది, పేగుల్లో, ఊపిరితిత్తుల్లో, మెదడులోని సహాయ కణాల్లో కూడా కొంత ఉంటుంది. బయటి నుంచి వచ్చే ఎస్టర్ జాతి పదార్థాల్ని విరగ్గొట్టడం దానికి చేతనైన పని. పురుగుమందు రక్తంలోకి రాగానే మొదట దీనికే అంటుకుంటుంది. నరాల దాకా చేరకముందే కొంత విషాన్ని తన మీద వేసుకుంటుంది. స్పాంజి లాగా. మీ నాన్నగారి 1,840 అంటే స్పాంజి బాగా తడిసిందని అర్థం.

లేకపోయినా ఏమీ కాదు అన్నాను. ఒక్కచోట అవుతుంది. ఆ ఒక్కచోటు నా థియేటర్.

ఆపరేషన్లో ఊపిరి గొట్టం వేయడానికి కండరాలు వదులు చేసే మందు ఒకటుంది, మేం స్కోలిన్ అంటాం. ఇచ్చిన నిమిషంలో పనిచేస్తుంది, ఐదు పది నిమిషాల్లో దిగిపోతుంది. దిగేది ఎలాగంటే రక్తంలో ఉన్న ఈ ఎంజైమే దాన్ని విరిచేస్తుంది. ఎంజైమ్ లేకపోతే దిగదు. నా కొత్తల్లో ఒక రాత్రి చిన్న నర్సింగ్ హోములో సిజేరియన్. బిడ్డ బాగుంది, కుట్లు పడ్డాయి, మత్తు ఆపాను. తల్లి ఊపిరి తీసుకోదు. పావుగంట, అరగంట, గంట. ఆవిడ కంటిపాప బాగుంది, నాడి బాగుంది, వేలు మాత్రం కదలదు. అక్కడ వెంటిలేటర్ లేదు. సంచి చేత్తో నొక్కుతూ కూర్చున్నాను. కాసేపటికి కరెంటు పోయింది, జనరేటర్ వేసేదాకా వార్డుబాయ్ టార్చి పట్టుకుంటే ఆవిడ ఛాతీ లేస్తోందా లేదా అని చూస్తూ నొక్కాను. నాకు ఎక్కువ భయం వేసింది ఊపిరి గురించి కాదు, అది నా చేతిలో ఉంది. ఆవిడకి లోపల మెలకువ వచ్చేసి, కదల్లేక, అన్నీ వింటూ ఉంటుందేమోనని. అందుకే మత్తు కొద్దికొద్దిగా ఇస్తూనే ఉన్నాను. నాలుగున్నర గంటలకి కనుబొమ ముడిపడింది. అంత చిన్న కదలిక చూసి అంత సంతోషపడిన సందర్భం నాకు ఇంకోటి లేదు.

తెల్లారాక వాళ్ళ నాన్నగారిని కూర్చోబెట్టి అడిగితే, ఆయన పెద్దమ్మ గారికి ఎప్పుడో ఆపరేషన్ అప్పుడు "మత్తు ఎక్కువైంది" అన్నారట, ఒక పూటంతా లేవలేదట. మత్తు ఎక్కువ కాలేదు, ఎంజైమ్ లేదు. వాళ్ళు వైశ్యులు.

ఆర్యవైశ్య కుటుంబాల్లో ఈ లోపం మిగతావాళ్ళ కంటే చాలా ఎక్కువ. ఇది నా ఊహ కాదు. ఎంజైమ్ గొలుసులో 307వ స్థానంలో ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం ఉండాల్సినచోట ప్రోలీన్ అనే ఇంకొకటి ఉండే మార్పుని 2006లో వైశ్యుల్లోనే గుర్తించి ప్రచురించారు. 2017లో హైదరాబాదు సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం) శాస్త్రవేత్తలు పాలుపంచుకున్న పరిశోధన ఒకటి, ఈ లోపం వైశ్యుల్లో ఇతరులకంటే సుమారు వంద రెట్లు ఎక్కువని చెబుతూ, అందుకు కారణం తరతరాలుగా సమాజంలోనే పెళ్ళిళ్ళు జరగడమని వివరించింది. మేనరికం చేసుకోకపోయినా ఇది వస్తుంది. ఎప్పుడో కొద్దిమంది పూర్వీకుల దగ్గర ఉన్న మార్పు అందరికీ పంచబడింది, అంతే. ఇందులో సిగ్గుపడాల్సిందీ, దాచాల్సిందీ లేదు. మత్తు డాక్టర్‌తో ఒక్కమాట చెబితే స్కోలిన్ బదులు ఇంకో మందు వాడతాం, ప్రమాదమే లేదు. మిగతా సమాజాల్లో కూడా అక్కడక్కడా కనిపిస్తుంది, కాబట్టి ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ తర్వాత ఊపిరి ఆలస్యంగా వచ్చిందని వింటే ఎవరైనా సరే చెప్పండి.

ఇదంతా మీ నాన్నగారి రిపోర్టుకి ఎందుకు చెబుతున్నానంటే, ఇంకో కేసు వినండి. పురుగుమందుల కొట్టు ఉన్న ఇంటి కుర్రాడు. కొట్లో కూర్చుని రెండు వాంతులు చేసుకున్నాడు. చుట్టూ డబ్బాలు, వాసన. ఆసుపత్రికి పరుగెత్తారు, సీరం కోలినెస్టెరేజ్ చూస్తే దాదాపు అడుగంటి ఉంది. ఇంకేముంది, విషమే అన్నారు. అట్రోపిన్ మొదలు. నన్ను పిలిచేటప్పటికి కుర్రాడు గాలిలో ఏవో ఏరుకుంటున్నాడు, మంచం దిగి పారిపోబోతున్నాడు, ఒళ్ళు కాలిపోతోంది. అంతా పురుగుమందు ప్రభావమే అనుకుంటున్నారు. కంటిపాపలు చూశాను, పెద్దవిగా ఉన్నాయి, అది అట్రోపిన్ పని. మొదట వచ్చినప్పుడు కేసు షీట్లో ఏం రాశారో చూశాను: పాపలు మామూలు, చెమట లేదు, నాడి 96, ఊపిరితిత్తులు శుభ్రం. ఎక్కడా విషం గుర్తు లేదు. అట్రోపిన్ ఆపాం, మర్నాటికి తేరుకున్నాడు. వాళ్ళ చెల్లెలికి పరీక్ష చేయిస్తే ఆ అమ్మాయికీ అంతే తక్కువ, అంటే ఇద్దరికీ పుట్టుకతోనే లేదు. వాంతులకి కారణం ముందురోజు రాత్రి తిన్న బిర్యానీ.

అంకె ఒక్కటే చూసి మనిషిని చూడకపోతే ఇలా అవుతుంది. సీరం కోలినెస్టెరేజ్ లివరు జబ్బులో తగ్గుతుంది, కామెర్లు ముదిరినవాళ్ళలో, రోజూ సారా తాగి లివరు పాడైనవాళ్ళలో తక్కువ ఉంటుంది. సరిగ్గా తిండి లేనివాళ్ళలో తగ్గుతుంది. గర్భిణుల్లో కొంత తగ్గుతుంది. పుట్టుకతో తక్కువ ఉండొచ్చు. అటువైపు, అంకె కాస్త బాగానే ఉన్నా విషం ఎక్కి ఉండొచ్చు కూడా. మన ల్యాబుల్లో మామూలు అంకె సుమారు 5,000 నుంచి 12,000 దాకా రాస్తారు, కిట్టుని బట్టి మారుతుంది. మామూలుగా 11,000 ఉండే మనిషికి 5,500 వస్తే రిపోర్టులో నార్మల్ అని అచ్చవుతుంది, నిజానికి సగం పోయింది. అందుకే కాలిఫోర్నియాలో మందు కొట్టే కూలీలకి సీజను ముందే ఒకసారి పరీక్ష చేసి ఆ మనిషి సొంత అంకె రాసిపెట్టుకుంటారు. సీరంది సొంత అంకెలో 60 శాతానికి, ఎర్రకణాలది 70 శాతానికి పడిపోతే పని నుంచి తప్పిస్తారు. 80 శాతానికి తిరిగి వచ్చేదాకా పంపరు. మన దగ్గర ఎవరి సొంత అంకె ఎవరికీ తెలీదు.

మీ నాన్నగారి విషయంలో మాత్రం సందేహం లేదు. చేలో మందు కొట్టారు, చెమట, వాంతులు, మసక ఉన్నాయి, అంకె పడి ఉంది, ఇరవై రోజుల్లో రెట్టింపు దాటి లేచింది. పుట్టుకతో తక్కువ ఉన్నవాళ్ళకి లేవదు, అలాగే ఉండిపోతుంది. లేవడమే విషం వల్ల పడిందనడానికి గట్టి సాక్ష్యం.

కానీ 4,100 అంటే ఇంకా ఎక్కుతోంది. లివరు కొత్త ఎంజైమ్ తయారుచేస్తుంటుంది కాబట్టి సీరం అంకె కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. ఎర్రకణాల మీద ఉన్నది అంత త్వరగా రాదు. ఎర్రకణానికి కేంద్రకం లేదు, కొత్త ఎంజైమ్ చేసుకోలేదు. పాత కణం సుమారు 120 రోజులకి పోయి కొత్తది వస్తేనే కొత్త ఎంజైమ్. అంటే రోజుకి ఒక శాతం లెక్క. సీరం బాగుందని నెల తిరక్కుండా చేలో దిగితే, నరాల దగ్గర నిల్వ ఇంకా తక్కువే ఉండొచ్చు, ఈసారి కొద్ది మందుకే పడిపోతారు. మూడో వారంలో మళ్ళీ కొడితే "అప్పుడు ఏమీ కాలేదు, ఇప్పుడు సగం ట్యాంకుకే కళ్ళు తిరిగాయి" అనే రైతులు మనకి కొత్త కాదు. మీ నాన్నగారికి ఆరో వారంలో ఒకసారి, పదో వారంలో ఒకసారి అదే ల్యాబులో చేయించండి. రెండు అంకెలూ దగ్గరదగ్గరగా వచ్చి, ఇక ఎక్కడం ఆగిందంటే అదే ఆయన సొంత అంకె. కాగితం జాగ్రత్త చేయండి. నా సలహా మాత్రం దాళ్వాకి మందు కొట్టే పని ఇంకొకరికి అప్పగించమనే.

ఏ మందు కొట్టారో మీరు రాయలేదు. అది ముఖ్యం. క్లోర్‌పైరిఫాస్, ఎసిఫేట్, ప్రొఫెనోఫాస్, మోనోక్రోటోఫాస్ లాంటివి ఆర్గనోఫాస్ఫరస్ జాతి. ఇవి ఎంజైమ్‌కి అంటుకుని, కొన్ని గంటల నుంచి ఒకటి రెండు రోజుల్లో ఆ అతుకు ముదిరిపోతుంది. ముదిరాక, దాన్ని ఊడదీయడానికి ఇచ్చే పామ్ (ప్రాలిడాక్సిమ్) ఇంజక్షన్ ఇచ్చినా ఊడదు, కొత్త ఎంజైమ్ పుట్టాల్సిందే. కార్బోఫ్యూరాన్ గుళికలు, సుడిదోమకి కొట్టే బీపీఎంసీ కార్బమేట్ జాతి. లక్షణాలు అవే, కానీ ఆ అతుకు తనంతట తనే ఒకటి రెండు రోజుల్లో ఊడిపోతుంది. ఇరవై రోజులకి కూడా అంకె పూర్తిగా రాలేదంటే మీ నాన్నగారిది మొదటి జాతి అని నా అంచనా, లేదా కొట్టువాడు రెండు మూడు కలిపి ఇచ్చి ఉంటాడు. ఇమిడాక్లోప్రిడ్, సింథటిక్ పైరిత్రాయిడ్లు, కార్టాప్ గుళికలు, కలుపుమందు పారాక్వాట్, ఇవేవీ కోలినెస్టెరేజ్‌ని పడగొట్టవు. పారాక్వాట్ తాగిన మనిషికి ఈ పరీక్ష మామూలుగా వస్తుంది, ఊపిరితిత్తులు మాత్రం పోతాయి. ఆసుపత్రికి మనిషితో పాటు డబ్బా కూడా తీసుకెళ్ళమనేది అందుకే. డబ్బా మీద ముక్కోణం ఎరుపా, పసుపా, నీలమా, ఆకుపచ్చా అన్నది విషం తీవ్రత, లోపల ఏముందన్నది పేరు. రెండూ కావాలి. ఇంటి దగ్గర ఉప్పునీళ్ళు తాగించి కక్కించే పని మాత్రం పెట్టుకోవద్దు, అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

ఇంకో హెచ్చరిక, మీకు ఇప్పుడు అవసరం లేకపోయినా ఈ జవాబు చదివేవాళ్ళకి. మొదటి రోజు తేరుకున్న మనిషి ఒకటి నుంచి నాలుగు రోజుల మధ్య మళ్ళీ పడిపోవచ్చు. దిండు మీద నుంచి తల ఎత్తమనండి. ఎత్తలేకపోతే ఊపిరి కండరాలు కూడా పోతున్నాయన్నమాట. శ్రీలంక డాక్టర్లు 1987లో ఈ మధ్యకాలపు నీరసాన్ని వివరంగా రాశారు. మీ నాన్నగారిని నాలుగు రోజులు ఉంచుకున్నది ఊరికే కాదు, బిల్లు కోసం అనుకోకండి.

మీరు ఫార్మసీ చదువుతున్నారు కాబట్టి ఒక్కమాట. ఇదే ఎంజైమ్‌ని మేం కావాలని కాస్త ఆపుతాం కూడా. ఆపరేషన్ చివర కండరాల సత్తువ తిరిగి తెప్పించడానికి నియోస్టిగ్మిన్. కండరాలు నీరసించే మయస్థీనియా జబ్బు ఉన్నవాళ్ళకి పిరిడోస్టిగ్మిన్. మతిమరుపు జబ్బుకి డొనెపెజిల్, రివాస్టిగ్మిన్. నాగుపాము కరిచి రెప్పలు వాలిపోతే యాంటీవీనంతో పాటు అట్రోపిన్, నియోస్టిగ్మిన్ ఇస్తాం, రెప్పలు లేస్తాయి. కట్లపాముకి అంతగా పనిచేయదు, దాని విషం ఎసిటైల్‌కోలిన్ బయటికి రాకుండానే నరం చివరని పాడుచేస్తుంది. పురుగుమందుకీ, ఈ మందులకీ తేడా మోతాదులో, ఎంతసేపు అతుక్కుంటాయన్నదాంట్లో ఉంది. ఆపేది అదే ఎంజైమ్‌ని.

ఆఖరి ప్రశ్న, అమ్మగారి పరీక్ష. చేయించండి. లక్షణాలు లేకపోయినా పరవాలేదు, ఆవిడ సొంత అంకె తెలిసి ఉంటుంది. మందు గాలికే కాదు, చర్మం ద్వారా కూడా ఎక్కుతుంది. స్ప్రేయర్ మూత దగ్గర కారి వీపంతా తడిసిన చొక్కాలో ఉన్నంత మందు గాలిలో పీల్చినదానిలో ఉండదు. మీరు ఆవిడ పక్కనే చేలో ఉందని రాశారు. నేను అడిగేది ఇంకోటి. ఆ రోజు నాన్నగారిని ఆసుపత్రికి తీసుకెళ్ళాక, ఆ చొక్కా, పంచె ఎవరు ఉతికారు? చేతికి ఏమైనా తొడుక్కున్నారా, ఇంట్లో బట్టలతో కలిపి నానబెట్టారా? అది కనుక్కుని కింద రాయండి, ఏ మందో డబ్బా మీద పేరు కూడా.